ద్రాక్షతోటలో నా నాలుగు గిన్నెలు

నేను ఒక నాలుగు గిన్నెల క్యారేజీని. అసలు సిసలు స్టీలుదాన్ని, అల్యూమినియం అనుకునేరు! ఎక్కడో ఫ్యాక్టరీలో రేకుగా పడి ఉన్న నన్ను మర మీద పెట్టి గట్టిగా గుద్ది గిన్నెలుగా మలిచారు. నన్ను మొదట కొన్నది గుంతకల్లులో ఓబులేసు అనే రైల్వే గార్డు. చింతాకు పప్పూ సంగటీ పెట్టుకుని ఊరూరా తిప్పాడు. రిటైరయ్యాక ఏం చేశాడనుకున్నారు? నన్ను తళతళలాడేటట్టు తోమించి, నా మీద తన పేరు కొట్టించి, హిందూపురంలో మేనకోడలు జలజాక్షి పెళ్ళికి కొత్తదాని మాదిరి చదివించాడు. మనుషుల ప్రేమ ఎంత పొదుపైనదో నాకు ఆ రోజే తెలిసింది.

జలజ చేతిలో పడటం మాత్రం నా అదృష్టం. ఆమెది కర్రీ పాయింట్. కూర ఉడుకుతుంటే దూరం నుంచే వాసన పట్టి "ఉప్పు చాల్లేదు" అనే రకం. అలాంటి ముక్కు పోయిన ఏడాది జ్వరం వచ్చి తగ్గాక పనిచేయడం మానేసింది. మల్లెపూలు పెట్టినా, మాడిన సాంబారు పెట్టినా ఆమెకు ఒకటే. ఒక రోజు ఆ మాడిన సాంబారునే ప్యాకెట్లు కట్టి అమ్మింది. రోజూ వచ్చే మాస్టారొకాయన తిరిగి తెచ్చి, ఒక్క మాటా అనకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది పాపం!

"వాసన తెలియనిదాన్ని, నేను జనానికి తిండెట్ల పెడతానే? కొట్టు ఎవరికన్నా ఇచ్చేస్తా" అని అప్పటి నుంచీ ఒకటే పాట. చివరికి పక్క కొట్టులో బట్టలు కుట్టే రుక్సానా, చిన్నప్పటి నేస్తం భువనేశ్వరి కలిసి ఆమెను బెంగళూరు ముక్కు డాక్టరుకు చూపిద్దామని లాక్కుని బయల్దేరారు. కారు రుక్సానాదే, నడిపేదీ ఆమే. దారిలో తినేందుకు నా గిన్నెలు నింపి, వెనక అద్దం దగ్గర నన్ను కూర్చోబెట్టారు. మార్చి నెల ఎండ నా నెత్తిన పడుతోంది. నా గోడు వినేదెవరు?

కర్ణాటక సరిహద్దు దాటి కాస్త దూరం పోయామో లేదో, ఆస్పత్రి నుంచి ఫోను. డాక్టరుగారు ఈ రోజు రారట. జలజ ముఖం చిన్నబోయింది. "నా రాత ఇంతే. ఇంటికి పోదాం పాండి" అంది.

"ఏం ఇంటికి? పొద్దున్నే లేచి పట్టుచీర కట్టుకునింది తిరిగి పోయేదానికా?" అని కస్సుమంది భువన. అంతలో రోడ్డు పక్కన బోర్డు కనబడింది. ద్రాక్షతోట, వైను తయారీ, చూడవచ్చును అని. "మే రుక్సానా, తిప్పు బండి!"

"యా అల్లా! ఆడోళ్ళం వైను కాడికా?" అంటూనే రుక్సానా స్టీరింగు తిప్పేసింది.

చిన్న తోట. యజమాని శివణ్ణ అనే పెద్దాయన, కన్నడ యాసతో తెలుగు మాట్లాడతాడు. పట్టుచీరలను చూసి మొదట కాస్త బెదిరాడు గానీ తర్వాత తేరుకుని అన్నీ చూపించాడు. భువన నన్ను చేతికి తగిలించుకుని తిరిగింది. లోపల నా కన్నా వెయ్యి రెట్లు పెద్ద స్టీలు తొట్లు! మా వంశంలో ఇంత గొప్పవాళ్ళున్నారని నాకు తెలియదు సుమండీ. వాటి నిండా ద్రాక్షరసాన్ని నెలల తరబడి పులియబెడతారట. నాలో పులిస్తే పారబోస్తారు, వాటిలో పులిస్తే సీసాలో పోసి మురిసిపోతారు. ఏం న్యాయమో!

పందిరి కింద కూర్చోబెట్టి శివణ్ణ గ్లాసుల్లో తలా కాస్త పోశాడు. రుక్సానా తాగదు గనుక ఆమెకు తాజా ద్రాక్షరసం ఇచ్చాడు. "తాగేముందు వాసన చూడాల, అమ్మా" అన్నాడు. భువన గ్లాసులో ముక్కు ముంచినంత పని చేసి, తాగి, తుమ్మి, "కషాయం మాదిరి ఉండాది, ఇంకొంచెం పొయ్యన్నా!" అంది. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. జలజ కూడా గ్లాసు ఎత్తింది. కళ్ళు మూసుకుని ఎంతసేపు పీల్చిందో! తర్వాత మెల్లిగా దించేసింది. "నాకు నీళ్ళ మాదిరే ఉందన్నా" అంది నవ్వబోయి. నా గిన్నెలు నాలుగూ చల్లబడ్డాయంటే నమ్మండి.

"ఆకలేస్తాంది, ముందు తినండి" అని రుక్సానా మాట మార్చి నా గిన్నెలు విప్పింది. చిత్రాన్నం, ఉద్దివడలు, పెరుగన్నం, అడుగు గిన్నెలో కొబ్బరి చట్నీ. వైను హుషారులో ఉన్న భువన వడను చట్నీలో ముంచి నోటి దాకా తెచ్చింది.

"ఆగవే!" అని అరిచింది జలజ. "తినొద్దు. చట్నీ పులిసిపోయింది!"

భువన చెయ్యి అట్లనే ఆగిపోయింది. రుక్సానా గిన్నె తీసి వాసన చూసి ముఖం చిట్లించింది. నిజమే, ఎండకు నాలో అది పాడైపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నా.

"జలజక్కా," అంది రుక్సానా, "నువ్వింకా నోట్లో పెట్టుకోలేదు గదా. నీకెట్ల తెలిసింది?"

జలజ గిన్నె లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "వస్తాంది... కొంచెమే, ఎక్కడో దూరంగా... కంపు, మే! కంపు కొడతాంది!" అని బావురుమంది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ ఎగురుతుంటే ఏమైందో అర్థంకాక శివణ్ణ చట్నీ వైపూ సీసా వైపూ మార్చి మార్చి చూశాడు.

ఇన్నేళ్ళలో నేను ఎన్ని కమ్మటి కూరలు మోశానో లెక్క లేదు. వాటిలో దేనికీ ఆ పాడైన చట్నీకి దక్కిన గౌరవం దక్కలేదు. పారబోయనివ్వకుండా జలజ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కారులో ముందు సీట్లో కూర్చుంది. "రేపు కొట్టు తీయాల. శెనగపప్పు నానబెట్టాల" అంటూ, మధ్య మధ్యలో మూత తీసి గుండెల నిండా పీల్చుకుంటోంది.

"ఒసే, మేం చచ్చిపోతాం, మూత పెట్టవే తల్లీ!" అని మొత్తుకుంటూ వెనక నుంచి భువన అద్దాలన్నీ దింపించింది.

"ఉండు మే," అంది జలజ, "ఇంకొక్కసారి."