'ను' పాటలు అయిపోయిన వేసవి

తెల్లారేసరికి ఆడా మగా అందరూ ఒడ్డున నిలబడి కొండ వైపు చూడటం ఆ ఊరి అలవాటు. కొండ మీద కాపలా ఉండే టోకుజో తెల్లజెండా ఎగరేస్తే సముద్రంలో కొంబు నాచు కోతకి పడవలు బయల్దేరతాయి. ఎగరెయ్యకపోతే అందరూ ఇళ్ళకెళ్ళి టీ తాగుతూ అతన్ని తిట్టుకుంటారు. ఎగరేసినా తిట్టుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

హొక్కైడో తూర్పు తీరంలో వేసవి అంటే పొగమంచు. నీళ్ళ మీద నుంచి చప్పుడు లేకుండా వచ్చి పడవల్ని మింగేస్తుంది. మంచు కమ్మితే ఆ ఊళ్ళో సహకార సంఘం ఆఫీసులో మైకు పెట్టి, 'ను'తో పేరు మొదలయ్యే పాట ఒకటి పాడతారు. స్తంభాల మీది బాకాల్లోంచి పాట సముద్రం మీదికి వెళ్తుంది. పాట పూర్తయ్యేసరికి మంచు విడిపోతుంది. తాతల నాటి నుంచీ అంతే.

ఆ తీరంలో ఊరికో అక్షరం, ఎవరి నీళ్ళ మీది మంచు వాళ్ళ అక్షరానికే విడుతుంది. పక్కనున్న తొరిసాకి ఊరికి 'అ' దక్కింది. 'అ'తో మొదలయ్యే పాటలు జపాన్ దేశంలో కోకొల్లలు. మంచు లేకపోయినా పాడుకుంటారు వాళ్ళు, అంత పొగరు! 'ను'తో మొదలయ్యేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఒకసారి మంచుకి పాడిన పాట ఆ వేసవికి మళ్ళీ పనిచెయ్యదు. ఒక బడిపంతులు పాపం 'ను'తో కొత్త పాటలు కట్టి తెచ్చాడు. మంచు కదల్లేదు సరికదా, ఆయన గొంతు విని ఇంకాస్త దగ్గరికొచ్చిందని ఉమెనో బామ్మ ఇప్పటికీ పగలబడి నవ్వుతుంది. ఎవరో ఒకరు తన సంతోషానికి ఏళ్ళ తరబడి పాడుకున్న పాటనే మంచు వింటుంది. అదీ ఆ మనిషి గొంతులోంచి వస్తేనే. అందుకే ఆ ఊళ్ళో ఒకరి పాట ఇంకొకరు పాడరు. పెళ్ళి విందులో అయినా, సాకే తాగే కొట్లో అయినా, ఎవరి పాట వాళ్ళదే.

ఆ ఏడు మంచు పగబట్టినట్టు వచ్చింది. ఆగస్టు చివరికి ఊళ్ళో పాడేవాళ్ళ పాటలన్నీ అయిపోయాయి. ఆ పొద్దున ఆకాశం తేటగానే ఉంది గానీ, టోకుజోకి జెండా ఎగరెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

"ఏం అన్నా, జెండా ఎలకలు కొట్టేశాయా?" అని కింద నుంచి మంగలి గెంపాచి అరిచాడు.

"తొరిసాకి పడవలు అప్పుడే వెళ్ళిపోయాయి నాన్నా!" అని టోకుజో కూతురు సయో అందుకుంది. తండ్రి కొండ మీద కాపలా ఉంటాడు కాబట్టి ఇంటి పడవ ఆ పిల్లే నడుపుతుంది. "మంచి నాచంతా వాళ్ళే కోసుకుపోతారు. మనం వేళ్ళు చప్పరిద్దామా?"

అందరూ నవ్వారు. టోకుజోకి రోషం వచ్చింది. జెండా ఎగరేశాడు.

మంచు రానే వచ్చింది. పడవలు వెళ్ళి ఎంతోసేపు కాలేదు, సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. ఒడ్డుకి దగ్గర్లో ఉన్నవాళ్ళు డబ్బాలు వాయిస్తూ, ఒకరి పేరొకరు పిలుచుకుంటూ తిరిగొచ్చారు. సయో రాలేదు. మందపాటి నాచు కోసం ఎద్దుబండ దాకా వెళ్ళిందట. ఆ బండ చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతాయి.

"మోటారు చప్పుడు వినబడింది," అన్నాడు గెంపాచి. "తర్వాత ఆగిపోయింది."

ఆగిందంటే నాచు చుట్టుకుని ఉంటుంది. మోటారు లేని పడవని కెరటాలు బండ మీదికే తోస్తాయి. గెంపాచి మైకు ముందు కూర్చుని తన పాట మళ్ళీ పాడాడు. పనిచెయ్యదని తెలిసే పాడాడు. కిటికీ అవతల మంచు ఇంకా చిక్కబడింది. దూరం నుంచి ఆడగొంతు ఒకటి "నాన్నా" అన్నట్టు వినిపించింది. ఏ వైపు నుంచో ఎవరికీ తెలియలేదు.

టోకుజో ఆఫీసులోంచి బయటికొచ్చి నాచు ఆరబోసే గులకరాళ్ళ మైదానానికి పరిగెత్తాడు.

అక్కడ చిసే అనే ఆవిడా, ఉమెనో బామ్మా కలిసి, ఆరబోసిన నాచు తడవకుండా చాపలు కప్పుతున్నారు.

"చిసేగారూ," అన్నాడు టోకుజో.

చిసే తలెత్తలేదు.

"ఆవిడకి నీ మాట వినబడదు నాయనా," అంది బామ్మ. "పదకొండేళ్ళ నుంచీ వినబడటం లేదు."

"సయో రాలేదు. ఎద్దుబండ దగ్గరుంది. మోటారు ఆగిపోయింది."

చిసే చేతిలో చాప ఆగింది. ఆమె మొగుడు కన్‌జి పదకొండేళ్ళ క్రితం పోయింది ఆ బండ మీదే. ఆ రోజు ఆమె తన పాట పాడతానని ఆఫీసుకి పరిగెత్తింది. 'నురేనావా', తడితాడు అని ఆ పాట పేరు. వల లాగేటప్పుడు ఆమె తల్లి పాడుకునేది. పెళ్ళయ్యాక నాచు ఆరబోస్తూ చిసే పాడుతుంటే, కన్‌జి పని మానేసి వినేవాడు. ఆ రోజు ఆఫీసులో మైకు స్విచ్చి మీద చెయ్యి అడ్డం పెట్టి టోకుజో అన్నాడు: "ఇంత పలచటి మంచుకి ఆ పాట ఖర్చు పెట్టడం ఎందుకమ్మా? దానంతటదే విడుతుంది. దాచుకో, పెద్ద మంచుకి పనికొస్తుంది." మంచు దానంతటదే విడింది. అప్పటికి కన్‌జి పడవ చెక్కలైపోయింది. చిసే మళ్ళీ ఆ పాట పాడలేదు.

"నువ్వే కదా దాచమన్నావు?" అంది చిసే. గొంతు నిలకడగానే ఉంది. "దాచాను. ఇదింకా పలచగానే ఉన్నట్టుందే! ఇంకా పెద్ద మంచు వచ్చేదాకా ఆగకూడదూ?"

టోకుజో రాళ్ళ మీద మోకాళ్ళేసి, నుదురు నేలకి ఆనించాడు.

"నన్నేమైనా అను. బతికున్నన్నాళ్ళూ అను, పడతాను. ఇప్పుడు మాత్రం పాడు తల్లీ."

"లేవవే చిసే," అని బామ్మ కసిరింది. "వీడి మొహం చూసి కాదు. ఆ పిల్ల నీ ఇంట్లో అన్నం తిని పెరిగింది. దాని మొహం చూసి లే."

"పాడినా మంచు విడకపోతే?"

"మన ఖర్మ అనుకుందాం."

"విడితే?"

బామ్మకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో చాప కింద పెట్టింది. ఆ రోజు తను పాడినా మంచు విడేది కాదని, కన్‌జి ఎలాగూ తిరిగొచ్చేవాడు కాదని చిసే రోజూ తనకి తనే చెప్పుకునేది. అలా చెప్పుకుంటేనే ఆమెకి నిద్ర పట్టేది. ఇప్పుడు పాడితే ఆ సంగతి తేలిపోతుంది.

సముద్రం మీద నుంచి మళ్ళీ ఆ గొంతు వినబడింది. ఈసారి అరుపులా లేదు, చిన్నపిల్ల ఏడుపులా ఉంది. చిసే చాప వదిలేసి నడిచింది.

ఆఫీసులో జనం పక్కకి తప్పుకున్నారు. చిసే కుర్చీలో కూర్చోలేదు.

"స్విచ్చి నువ్వే వెయ్యి," అంది టోకుజోతో.

వేశాడు. 

చిసే పాడింది. మొదట గొంతు బొంగురుగా, తుప్పు పట్టినట్టు వచ్చింది. రెండో చరణానికి సర్దుకుంది. తాడు తడిసి బరువెక్కిందని, అవతలి కొస పట్టుకున్నవాడు వదలొద్దని ఆ పాటలో ఉంటుంది.  అందరి కళ్ళూ కిటికీ మీదే ఉన్నాయి. అవతల తెల్లగోడ అలాగే ఉంది. చివరి చరణం సగానికొచ్చింది. గోడ అలాగే ఉంది. టోకుజో కళ్ళు మూసుకున్నాడు.

ఆఖరి మాట దగ్గర మంచు విడింది. ఎవరో దుప్పటి లాగేసినట్టు ఒక్కసారిగా ఎద్దుబండ నల్లగా బయటపడింది. బండకీ పడవకీ మధ్య ఒక్క గడ పొడవు ఎడం ఉంది. సయో రెండు చేతులా గడతో బండని తోస్తోంది. మంచు విడగానే, దగ్గర్లో ఉన్న తొరిసాకి పడవ ఒకటి ఆమెని చూసి తాడు విసిరింది.

ఆఫీసులో కేకలు, చప్పట్లు. గెంపాచి ఏడుస్తూ నవ్వుతున్నాడు. చిసే మాత్రం కదలకుండా కిటికీలోంచి ఆ బండనే చూస్తోంది.

"విడింది," అంది.

సందడి ఆగిపోయింది.

"విడిందమ్మా," అన్నాడు టోకుజో.

"ఆ రోజు కూడా విడేదా?"

ఆ రోజు మంచు వేరు, గాలి వేరు అని అతను అనొచ్చు. ఇన్నేళ్ళూ అందరితోనూ అదే అన్నాడు. ఇప్పుడూ అదే అనమని గెంపాచి కళ్ళతో బతిమాలుతున్నాడు. కూతురు ఒడ్డుకి వస్తోంది, తాడు అవతలి కొస పట్టుకుని.

"విడేది," అన్నాడు టోకుజో.

చిసే బల్ల పట్టుకుని కిందికి జారి కూర్చుంది. మొగుడు పోయిన రోజు కూడా కన్నీళ్ళు రాని మనిషి, కన్‌జిని పేరు పెట్టి పిలుస్తూ, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ ఏడుపు బాకాల్లోంచి సముద్రం మీదికి వెళ్ళింది. ముందు తొరిసాకి వాళ్ళు తమ మోటారు ఆపేశారు. తర్వాత సయో, పోయినవాళ్ళకి మర్యాద చేసినట్టు, తలకి కట్టుకున్న గుడ్డ తీసేసి, పడవలో లేచి నిలబడింది.