బోర్డు మీది రేడియో

తన మొగుడికి ఏమీ రాదని వజ్రమ్మ పోలీసులను నమ్మించాలి. అప్పుడే వదులుతారు. ఆయనకు రాని పని లేదని పెళ్లయిన నాటి నుంచి కోరుట్లంతా చెప్పుకుని తిరిగిన మనిషికి ఇప్పుడు ఆ మాట చెప్పక తప్పలేదు.

నక్సలైట్ అన్నలు కల్వర్టు పేల్చడంతో కరీంనగర్ నుంచి రావలసిన మెకానిక్ రాలేదు. పోలీసు క్యాంపులో వైర్‌లెస్ సెట్టు మూగబోయింది. బజార్లో వజ్రమ్మ మొగుడు దశరథం షాపు కనబడింది. బోర్డు మీద ‘రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు’ అని ఉంది. సెట్టు చేతికిస్తే, రాదన్నాడు. “మాకైతే రాదు, అన్నలకైతే వస్తుందా?” అని లోపల కూర్చోబెట్టారు.

నిజంగానే రాదు. జగిత్యాలలో ఆయనకు పని నేర్పిన రామస్వామి, ఏ శిష్యుడూ తనకు పోటీగా దుకాణం పెట్టకుండా ఒకరికి రేడియో, ఒకరికి ఫ్యాను, ఒకరికి టేపు పంచిపెట్టాడు. దశరథానికి టేపు వచ్చింది. దుబాయి నుంచి దిగే ప్రతివాడి భుజాన ఒక టేప్‌రికార్డర్ ఉండే రోజులు. ఇంకో పని నేర్చుకునే తీరిక ఆయనకు దొరకలేదు.

“సిరిసిల్లల మా నాయిన నూలు సుట్టుడు కాన్నుంచి సీరె మడతపెట్టేదాక అన్నీ ఒక్కడే చేసెటోడు” అని వజ్రమ్మ పోరితే, “నాది టెక్నికల్ లైనే, నీకు తెల్వది” అనేవాడు.

క్యాంపు వరండాలో మల్లాపూర్ ఐలవ్వ, పోలీసులు పట్టుకుపోయిన కొడుకు కోసం నిన్నటి నుంచి కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగడం లేదు. వజ్రమ్మ అటు చూడలేకపోయింది.

“సారూ, మా ఆయినకు టేపు తప్ప ఏం రాదు.”

“బోర్డు మీద రేడియో అని ఉందిగా?” అన్నాడు ఎస్సై.

“పెయింటరు అందరికి గట్లనే రాస్తడు సారూ. టేపు ఒక్కటే రాస్తే బోర్డు బోసిగ ఉంటదన్నడు.”

ఎస్సై నవ్వలేదు. వజ్రమ్మ సంచిలోంచి ఇంటి రేడియో తీసి బల్ల మీద పెట్టింది. “ఇది పాడై మూడేండ్లాయె. ఆయినతోని బాగు చేయించుండ్రి.”

“గిదెందుకు తెచ్చినవే?” అన్నాడు లోపలి నుంచి తెచ్చి నిలబెట్టిన దశరథం, తల వంచుకుని.

“మాట్లాడకు. ఇప్పు.”

వెనక మూత విప్పాడు. చూశాడు. దుమ్ము ఊదాడు. మళ్లీ చూశాడు. మర ఒకటి బల్ల కింద పడితే, వెతకడానికి వంగి చాలాసేపు లేవలేదు. ముందు జమేదారు నవ్వాడు. తర్వాత గేటు దగ్గరున్న జనం నవ్వారు.

“తీసుకుపో అమ్మా. వీణ్ణి అన్నలు కూడా పెట్టుకోరు” అన్నాడు ఎస్సై.

దారిలో దశరథం గునిశాడు. “ఇజ్జత్ తీసినవ్. రేపు నా షాపుకు ఎవడస్తడు?”

“పానం దక్కిందని సంబురపడవాయె! పొద్దుగాల బస్సుకు జగిత్యాల పో. గా రేడియో గూడ నేర్చుకొని రా.”

“నేర్చుకుంటే మల్ల పట్కపోతరు గదనే.”

వజ్రమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. “అయితే గడియారాలు నేర్చుకో.”

“గడియారమా? బాంబుల పెట్టేది గదే. ముందుగాల గడియారపోళ్లనే పట్కపోతుండ్రు.”

ఏం నేర్చుకుంటే ఈ మనిషి తన దగ్గర మిగులుతాడో వజ్రమ్మకు తోచలేదు.

“నడువు ముందు” అంది.