లాంగ్ బెల్లు

హైస్కూలు బెంచీలను ట్రాక్టరులోకి ఎక్కిస్తుంటే, ఎదురుగా తన కిరాణా కొట్లో గల్లాపెట్టె మీద చెయ్యేసుకుని తూకాలాయన చూస్తూ కూర్చున్నాడు. ట్రాక్టరు, ఊరి పత్తి చేలూ మిల్లూ చేతిలో పెట్టుకున్న కాంట్రాక్టరుది. బెంచీలు మోస్తున్నది ఆ బళ్ళో చదివే పిల్లల తండ్రులు. కూలికే మోస్తున్నారు. ఒకాయన భుజం మీది బెంచీని మధ్యలో దింపి, మూలన ముల్లుతో చెక్కి ఉన్న కూతురి పేరును తువ్వాలుతో తుడిచాడు. మేస్త్రి ఈల వేశాడు. ఆయన మళ్ళీ బెంచీ ఎత్తుకున్నాడు.

పత్తి మిల్లు వంటగదికి బియ్యం, పప్పు, నూనె వెళ్ళేది తూకాలాయన కొట్టు నుంచే. బడి పిల్లలు కొనేది పెన్నులు, పిప్పరమెంట్లు. ఏ పళ్ళెం కిందికి దిగుతుందో తెలుసుకోవడానికి ఆయనకు తక్కెడ అక్కర్లేదు.

అసలు బడి మూసేయడానికి ఊరే చెయ్యెత్తి ఒప్పుకుంది. పిల్లలు చాలినంతమంది లేరనీ, పట్నం బడిలో కలిపేస్తామనీ విద్యాశాఖ అధికారి వచ్చి బడి వరండాలోనే మీటింగు పెట్టాడు. పక్క కుర్చీలో కూర్చున్న కాంట్రాక్టరు, పిల్లల కోసం బస్సు తాను వేస్తానన్నాడు. అక్కడితో బడి మాట వెనకబడి బస్సు మాట ముందుకొచ్చింది. ఎక్కడెక్కడ ఆగుతుంది, ఆడపిల్లలకు ముందు సీట్లిస్తారా, వానల్లో వాగు దాటుతుందా అని జనం గొంతులు బొంగురుపోయేదాకా బేరమాడారు. తూకాలాయన కూడా ఆడాడు. బస్సు తన కొట్టు ముందే ఆగాలని పట్టుబట్టి సాధించాడు. బేరమంటే ఇదీ అని ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకుని మురిశాడు.

గంట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ బడి కట్టేటప్పుడు ఇటుకలు మోసింది ఇప్పటి కూలీల అమ్మానాన్నలు. అప్పటినుంచీ ఒక కట్టుబాటు నడుస్తోంది. సాయంత్రం బళ్ళో లాంగ్ బెల్లు కొట్టగానే పత్తి ఏరేవాళ్ళు ఒళ్ళో ఉన్నది బస్తాలో పోసి చేలోంచి బయటికొస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఇళ్ళకు పోతారు. దానికి కాగితం లేదు, సంతకం లేదు. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్క, దాని మీద సుత్తి దెబ్బలు, అంతే. ఆ దెబ్బలు కొట్టేది తూకాలాయన వదిన. భర్త పోయాక బళ్ళో ఆయాగా చేరి, ఊరందరికీ గంటమ్మ అయింది. కాంట్రాక్టరు తండ్రి హయాంలో కూడా ఆమె గంటకు ఎదురు లేదు.

బడి మూసిన మర్నాడు గంట మోగలేదు. కూలీలు నడుములెత్తి బడివైపు చూశారు. కాసేపు చూసి మళ్ళీ వంగారు. పత్తికాయ కనపడనంత చీకటి పడ్డాకే మేస్త్రి ఈల వేశాడు. ఆ తరవాత రోజూ అంతే. బస్సు కొన్నాళ్ళు కొట్టు ముందు ఆగింది. ఏరుడు ముమ్మరమయ్యేసరికి అదే బస్సులో పక్క ఊళ్ళ కూలీలను తోలుకురావడం మొదలైంది. పదో తరగతి పిల్లలు తల్లుల పక్కన వరసల్లో చేరిపోయారు.

కూలీలంతా మిల్లు గేటు దగ్గరికి వెళ్ళిన రోజు తూకాలాయన అక్కడే సరుకు దింపిస్తున్నాడు. ముందు నిలబడింది గట్టినోరు అని పేరుపడ్డ ఏరుడు మనిషి. పత్తికాయ ముళ్ళకు వేళ్ళు చీరుకుపోతున్నాయనీ, చంటిపిల్లలు చీకట్లో గట్ల మీద ఏడుస్తున్నారనీ, ఎప్పటిలా పొద్దుండగానే వదలాలనీ చెప్పింది. కాంట్రాక్టరుకు కోపం రాలేదు. నవ్వాడు.

"గంట కొడితే పని దిగుతామన్నది మీరా, నేనా? ఆ మాట మీద నేనిప్పటికీ ఉన్నా. గంట మోగిందా, దిగండి. మోగకపోతే నన్నడుగుతారేం?"

మేస్త్రులు పగలబడి నవ్వారు. తూకాలాయన బస్తాల వైపు తిరిగి, లెక్కపెట్టినవే మళ్ళీ లెక్కపెట్టాడు.

ఆ సాయంత్రం కొట్టు అరుగు మీద పెద్ద వాదులాట. అధికారికి అర్జీ పెడదామని ఒకడు. బడి మూసినవాడికే అర్జీయా అని ఇంకొకడు. మానేసి వేరే చేలకు పోదామంటే, చుట్టుపక్కల కౌలు చేలన్నీ ఎవరివిరా అని ముసలాయన ఒకడు కసిరాడు. చివరికి ఎవరిమీద కోపమో తెలియక ఒకరినొకరు తిట్టుకున్నారు. బస్సు కోసం నువ్వే ముందు చెయ్యెత్తావంటే నువ్వే ఎత్తావని. గంటమ్మ బియ్యం బస్తా మీద కూర్చుని అందరూ అలిసేదాకా విన్నది.

"మోగితే దిగమన్నాడు కదా. అయితే మోగిద్దాం," అంది.

తూకాలాయన గల్లాపెట్టె వదిలి ఆమె దగ్గరికి వచ్చాడు.

"వదినా, తాళం పగిలితే కేసవుతుంది."

"తాళం గదులకేశారు మరిదీ. పట్టా వరండాలో ఉంది."

"ఈ వయసులో గోడ దూకుతావా?"

"నువ్వు స్టూలిస్తే దూకుతా."

ఆయన స్టూలివ్వలేదు. మర్నాడు సాయంత్రం చూసేసరికి, కొట్టు వెనక పడేసిన ఖాళీ నూనె డబ్బా బడి గోడవారన బోర్లించి ఉంది. అది చూసి ఏదో అనబోయేలోపే లాంగ్ బెల్లు మోగింది.

చేలో వరసలన్నీ ఒక్కసారి లేచాయి. మేస్త్రి ఈల వేస్తూ గట్ల మీద పరుగెత్తాడు. ఒళ్ళో ఉన్నది బస్తాల్లో పోసేసి జనం నడిచి వచ్చేశారు. దారిలో కాంట్రాక్టరు కారు అడ్డంగా ఆగితే, గట్టినోరు అద్దంలోకి వంగి ఎంతో మర్యాదగా, "మోగిందండీ," అని చెప్పి పక్కనుంచి వెళ్ళింది. మర్నాడూ అదే జరిగింది. ఆ తరవాతి రోజు గంట సగంలో ఆగిపోయింది.

పోలీసు వ్యాను వచ్చింది. గంటమ్మను గేటు బయటికి నడిపించారు. రైలు పట్టాను ఇద్దరు కానిస్టేబుళ్ళు మోసుకొచ్చారు. ఎస్సై కొట్టు మెట్టెక్కి, తాళం పగలగొట్టడం కళ్ళారా చూశానని చెప్పమని తూకాలాయనను అడిగాడు. తాళం అలాగే ఉంది కదండీ అని ఆయన నీళ్ళు నమిలాడు.

"మిల్లుకు సరుకు నీదేనటగా," అన్నాడు ఎస్సై. ఇంకాసేపు చూసి, "సరేలే. నువ్వు చెప్పకపోతే మేస్త్రులు చెప్తారు. మాకేం కొరత?" అని దిగిపోయాడు.

ఆయన నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా తూకంలో చిటికెడంత తేడా రాలేదు.

వ్యానెక్కుతూ గంటమ్మ వెనక్కి తిరిగింది.

"ఆ డబ్బా నీదే మరిదీ. లోపల పెట్టుకో, నీ మీదికొస్తుంది."

ఊరంతా చూస్తుండగా తూకాలాయన గోడ దగ్గరికి వెళ్ళి, డబ్బా తీసుకుని, కొట్లోకి వచ్చాడు. ఎవరైనా ఒక మాటంటే బాగుండుననిపించింది.

మర్నాడు గొలుసులు మాత్రమే వేలాడుతున్న వరండా చూస్తూ ఆయన పొద్దంతా గడిపాడు. ఆ వేళ కాగానే చేలో తలలు లేచాయి, బడివైపు తిరిగాయి. కాసేపటికి ఒక్కొక్కటే వంగడం మొదలుపెట్టాయి. వంగిన తలల్లో చిన్నవి కూడా ఉన్నాయి. నిన్నమొన్నటిదాకా ఆయన దగ్గర పెన్నులు కొన్నవే.

తూకాలాయన లేచి తక్కెడ ఇనప పళ్ళెం ఒకటి కొక్కెం నుంచి తీశాడు. రెండో పళ్ళెం దభీమని కిందికి దిగింది. కాడ ఏటవాలుగా లేచింది. తీసిన పళ్ళెం పట్టుకుని వీధిలోకి వచ్చి తూకపురాయితో కొట్టాడు.

అది రైలు పట్టా కాదు. గొంతు చిన్నది. రోడ్డు పక్క వరసకే వినిపించింది. ఆ వరస లేచి నిలబడింది. వినపడని వాళ్ళు, నిలబడ్డ వాళ్ళను చూసి లేచారు. వాళ్ళను చూసి అవతలి వాళ్ళు. చేను ఆ చివరిదాకా అలా లేస్తూనే ఉంది. ఆయన కొడుతూనే ఉన్నాడు. పళ్ళెం సొట్టలు పడిపోయింది. ఇక అందులో ఏది తూచినా తప్పుడు తూకమే. చేతిలో తూకపురాయిని చూసుకుని, మిల్లు బేరం ఇవాళ్టితో సరి అనుకున్నాడు.

వ్యాను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎస్సై సొట్ట పళ్ళెం లాక్కుని, ఆయన మెడ మీద చెయ్యేసి తోశాడు. అరుపులకు లోపలినుంచి భార్య వచ్చింది. మనకెందుకొచ్చిన గొడవండీ అని జీవితమంతా ఆయన్ను వెనక్కి లాగిన మనిషి. ఇప్పుడూ అదే అంటుందని ఆయన తల దించుకున్నాడు. ఆమె చూపు తక్కెడ మీద ఆగింది. చేలోంచి వచ్చిన జనం అప్పటికే కొట్టు ముందు నిండిపోయి ఇద్దరికీ మధ్య అడ్డం నిలిచారు.

వ్యాను కదిలింది. వెనక జాలీలోంచి తూకాలాయన తన కొట్టు వైపు చూశాడు. గుంపు మధ్యలోంచి తక్కెడ కనిపించింది. తాను వీధిలోకి వచ్చేటప్పుడు ఒక పక్కకు ఒరిగి ఉన్న కాడ ఇప్పుడు సమంగా నిలబడి ఉంది. కొక్కేలు రెండూ ఖాళీ. గట్టినోటి పక్కనే గల్లాపెట్టె దగ్గర భార్య కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. కొంగు కింద ఏదో గుండ్రంగా, బరువుగా ఉంది.