టార్బెల్ మిల్స్ ఊరంతా కూర్చున్న మంగళవారం

టౌన్ హాల్లో నీళ్ల గొట్టం పగిలిందన్న కబురు వచ్చేసరికి వెర్నా పెల్కీ మూడు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని మ్యూజియంలో కుర్చీలు తుడుస్తోంది. ఆదివారం మధ్యాహ్నం. ఎల్లుండి మంగళవారం ఊరి సభ, ఏటా ఊరివాళ్లంతా కూడి పన్నుల డబ్బు దేనికివ్వాలో ఓటేసే రోజు.

టార్బెల్ మిల్స్‌లో ఒకప్పుడు కుర్చీల ఫ్యాక్టరీ ఉండేది. మగవాళ్లు ఫ్యాక్టరీలో చెక్క చిత్రిక పట్టేవాళ్లు, ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని సీట్లకు పేము అల్లేవాళ్లు. అమెరికాలోని ఆ వెర్మాంట్ కొండల్లో తయారైన ఆ కుర్చీలు ఎక్కడెక్కడి హోటళ్లకో, కోర్టులకో, ఓడలకో వెళ్లిపోయేవి. ఫ్యాక్టరీ మూతపడే రోజుల్లో చివరి మేస్త్రీ రకానికి రెండూ మూడూ చొప్పున దాచి, ఆ పెద్ద కొట్టంలోనే మ్యూజియం పెట్టాడు. ఆయన పోయాక పదిహేడేళ్లుగా చూసుకుంటున్నది వెర్నాయే. జీతం లేదు. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి కాబట్టి చిన్నాపెద్దా ఎవరినైనా గద్దించి కూర్చోబెట్టడం ఆమెకు అలవాటు. మ్యూజియంలో మాత్రం గద్దించి నిలబెట్టేది. మూడువందల పదకొండు కుర్చీలకీ ఎర్రతాడు చుట్టి, ప్రతిదానికీ ఒక అట్టముక్క కట్టింది: దయచేసి కూర్చోవద్దు.

అన్నేళ్లూ ఏటా కాస్త డబ్బు పంపిన ధర్మసంస్థ ఒకటి కిందటేడు మూతబడింది. ఈసారి ఊరు ఎనిమిది వేల డాలర్లు ఇవ్వకపోతే జూన్‌లో తలుపులు వేసెయ్యాలి, కుర్చీలు వేలానికి పోతాయి. ఊరిని డబ్బు అడగాలంటే ముందు సంతకాలు కావాలి. వెర్నా మంచులో ఇల్లిల్లూ తిరిగింది. ఒకరి దగ్గర చెయ్యి చాచడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టుంటుంది. అయినా తిరిగింది. మరిది మెరిల్ ఇంటికీ వెళ్లింది.

మెరిల్‌కి అరవై నాలుగేళ్లు, నలభై ఆవులు. పన్ను పెరిగే మాట ఏదైనా సరే, ఊరి సభలో లేచి నిలబడి అడ్డం కొట్టడం అతని వార్షిక కార్యక్రమం. కొత్త ఫైరింజన్ వద్దన్నాడు, లైబ్రరీకి కొత్త కిటికీలు వద్దన్నాడు. వదిన చేతిలో కాగితం చూసి కాఫీ పోశాడు, ఆపిల్ కూరిన తీపిరొట్టె ముక్క కోసి పెట్టాడు, సంతకం మాత్రం పెట్టలేదు.

"నా ఆవులకి కూడా ఒక మ్యూజియం కట్టమని అడగనా వదినా? అవీ పాతబడుతున్నాయి."

"కట్టించుకో. చూడ్డానికి నేనొస్తాను, టికెట్ కొనుక్కుని" అని రొట్టె ముక్క పూర్తిగా తినేసి వచ్చింది వెర్నా. కారులో కూర్చున్నాక మాత్రం చాలాసేపు తాళం తిప్పబుద్ధి కాలేదు.

ఆదివారం ఫోన్ చేసింది ఊరి క్లర్కు జనీన్.

"వెర్నా, హాలు పైకప్పు సగం కిందికొచ్చేసింది. మడత కుర్చీలన్నీ నేలమాళిగలో మోకాల్లోతు నీళ్లలో ఉన్నాయి. చర్చిలో ఎనభై మందికి మించి పట్టరు. రెండొందల మందిని ఎక్కడ కూర్చోబెట్టమంటావు? చోటూ నీ దగ్గరే ఉంది, కుర్చీలూ నీ దగ్గరే ఉన్నాయి."

"అవి మ్యూజియం కుర్చీలు జనీన్. కూర్చోడానికి కాదు."

పక్కనే అద్దాలు తుడుస్తున్న లూసెట్ కిసుక్కున నవ్వింది. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు కుర్చీలకు కాగితం చుట్టి పెట్టెల్లో పెట్టిన మనిషి ఆమె. వెర్నాకు నలభై ఏళ్ల స్నేహితురాలు.

"ఏవన్నావు? ఇంకోసారి అను, విందాం" అంది.

వెర్నా ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని కొట్టమంతా ఒకసారి చూసింది. అంత పెద్ద హాలు, అన్ని కుర్చీలు, మధ్యలో స్వెట్టర్లలో మునిగిపోయిన ఇద్దరు ఆడవాళ్లు. తన మాట తనకే ఎలాగో వినిపించింది.

"తడి బట్టలతో కూర్చోకూడదు. వెనక్కి వాలి కాళ్లు ఊపకూడదు. సూపు గిన్నె ఒళ్లో పెట్టుకోకూడదు" అంది జనీన్‌తో.

"రాసుకుంటున్నా" అంది జనీన్. ఆమె రాసుకోవట్లేదని వెర్నాకు తెలుసు.

సోమవారం పొద్దున్నే పొయ్యి రాజేసి, హీటర్ పెట్టి, ఇద్దరూ తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. ఏ కుర్చీ బరువు ఆపుతుందో, ఏది ఆపదో తెలియాలంటే కూర్చుని చూడడం తప్ప వేరే దారి లేదు. మొదటి కుర్చీ ముందు వెర్నా బెరుకుగా నిలబడింది. ఈ పదిహేడేళ్లలో ఒక్కదాని మీదా కూర్చోలేదు. మెల్లగా, వేడినీళ్ల తొట్టిలో దిగుతున్నట్టు కూర్చుంది. కుర్చీ చిన్నగా కిర్రుమని సర్దుకుంది.

"ఎలా ఉంది?" అంది లూసెట్.

"నడుముకి భలే ఆనింది."

"ఆనదూ మరి? దానికోసమే కదా చేశారు."

ఆ తరవాత ఇద్దరికీ పూనకం వచ్చినట్టయింది. ఓడ కుర్చీ, కోర్టు కుర్చీ, మంగలి కుర్చీ, పాలిచ్చే తల్లి కోసం చేతులు లేకుండా చేసిన పొట్టి కుర్చీ, ఒకదాన్లోంచి లేచి ఇంకోదాన్లో పడ్డారు. లూసెట్ ప్రతిదానికీ మార్కులు వేసింది. "ఇది పాస్టరుకి. ఇది మా ఆయనకిస్తే లేవడు, వద్దు." సాయంత్రానికి రెండు వందల నలభై కుర్చీలు పనికొస్తాయని తేలింది. నీరసపడిన డెబ్బై ఒక్కటినీ గోడవారకు చేర్చారు. ఇద్దరికీ తొడలు పట్టేసి, మెట్లు దిగడానికి ఒకరి భుజం ఒకరు పట్టుకోవాల్సి వచ్చింది.

చట్టం ప్రకారం సభను నోటీసులో రాసిన చోటే మొదలుపెట్టాలి. అందుకని మంగళవారం తొమ్మిదింటికి ఊరంతా టౌన్ హాలు ముందు మంచులో నిలబడింది. సభ నడిపించే హాలిస్ కోల్బర్న్ మెట్లెక్కి సుత్తితో రెయిలింగు మీద కొట్టాడు.

"సభ ప్రారంభమైంది. దీన్ని మ్యూజియానికి మార్చమని ఎవరైనా ప్రతిపాదిస్తే, మన ముక్కులు మనకి మిగులుతాయి."

ప్రతిపాదించారు, బలపరిచారు, ఔనన్నారు. బీన్స్ కుండలు, రొట్టెల బుట్టలు, మేపుల్ పాకం తీపిరొట్టెల పళ్లేలు చేతుల్లో పట్టుకుని, ఒకరి అడుగుల్లో ఒకరు అడుగులు వేస్తూ వంతెన దాటి కొట్టానికి నడిచారు. గుమ్మం దగ్గర వెర్నా నిలబడి బస్సు ఎక్కించినట్టే ఒక్కొక్కరినీ లోపలికి పంపింది. "బూట్లు దులుపు. ఆ కోటు తడిసింది, విప్పి అక్కడ వెయ్యి. డానీ, నువ్వు ముందు వరుసలో, నాకు కనపడేలా." డానీకి యాభై ఏళ్లు. నోరెత్తకుండా ముందు వరుసకి వెళ్లాడు.

సభ రెండో అంశం దాకా మర్యాదగానే సాగింది. రోడ్లకు కంకర ఎంత కావాలో ఊరి బోర్డు వాళ్లు చెబుతుండగా, మూడో వరుసలో ఎనభై తొమ్మిదేళ్ల బెర్నీస్ లేచి, తాను కూర్చున్న కుర్చీని తలకిందులుగా తిప్పింది. సీటు కింద చెక్క మీద పెన్సిలుతో నలభై ఆరు అని ఉంది.

"నలభై ఆరు నేనే" అంది పైకే. "అల్లినవాళ్లు నంబరు వెయ్యాలిగా. ఇది నేనల్లిందే. చూడండి, ఇక్కడ వరుస తప్పాను. మేస్త్రీ కంట పడలేదు, నా కూలి నాకిచ్చేశాడు."

అంతే. కంకర గాల్లో కలిసిపోయింది. రెండొందల మంది లేచి కుర్చీలు తిప్పడం మొదలుపెట్టారు. "పన్నెండెవరు? పన్నెండు మా అమ్మమ్మ కాదూ?" "తొంభై ఒకటి ఎవరికైనా తెలుసా?" బెర్నీస్‌కి నంబర్లన్నీ నోటికొచ్చు. కూర్చున్నచోటు నుంచే కేకేసి చెప్పింది. తల్లుల కుర్చీలు దొరికినవాళ్లు వాటిని వదల్లేదు, పక్కవాళ్లతో చోట్లు మార్చుకున్నారు. హాలిస్ సుత్తి కొట్టీ కొట్టీ విసిగి, చివరికి తన కుర్చీ కూడా తిప్పి చూసుకున్నాడు. ఒక మూల నిలబడిన వెర్నా ప్రతి కిర్రుకీ ఉలిక్కిపడింది. కానీ ఆ కొట్టంలో అంత సందడి ఆమె ఎన్నడూ వినలేదు. ఎవరినీ గద్దించలేదు.

భోజనాలయ్యాక పంతొమ్మిదో అంశంగా మ్యూజియం డబ్బు సంగతి వచ్చింది. వెర్నా రాసుకొచ్చిన కాగితం తీసింది. రెండు వాక్యాలు చదివింది. కాగితం మడిచేసింది.

"నాకు మాట్లాడ్డం రాదు. బస్సు నడపడం వచ్చు, కుర్చీలు తుడవడం వచ్చు. ఎనిమిది వేలు కావాలి. లేకపోతే ఇవి పోతాయి. అంతే" అని కూర్చుంది. చప్పట్లు పడ్డాయి.

మెరిల్ లేచాడు. హాలంతా చిన్నగా మూలిగింది.

"ఆవిడ మా వదిన. మంచి మనిషి. అయినా ఇంటి పన్ను కట్టలేక పొలాలమ్ముకుంటున్నవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. కుర్చీలకి అన్నం పెట్టే స్తోమత మనకి లేదు. అదీ నా మాట" అని, మాటకు ముగింపుగా ధబ్బున కూర్చున్నాడు.

సీటు ఫట్‌మంది. మెరిల్ పేములోంచి కిందికి జారిపోయి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా చట్రంలో ఇరుక్కుపోయాడు. నవ్వు లూసెట్ దగ్గర మొదలై వెనక గోడదాకా పాకింది. డానీ, ఇంకొకతనూ చెరో చెయ్యి పట్టి లాగితే గానీ బయటపడలేదు.

"దెబ్బ తగిలిందా?" అంది వెర్నా పరుగున వచ్చి.

మెరిల్ వంగి, తెగిన పేమును వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు. అది పొడిపొడిగా రాలింది. అతని ముఖం ఎర్రబడింది, సిగ్గుతో కాదు.

"ఎవరు చేశారీ పని?" అన్నాడు. "వదినా, చలికాలమంతా గడ్డ కట్టించి, రెండ్రోజులు పొయ్యి మండించి ఎండబెడితే పేము బతుకుతుందా? గదిలో ఒకే వెచ్చదనం ఉండాలి, గాల్లో కాస్త తడి ఉండాలి. మా అమ్మ పొయ్యి మీద ఎప్పుడూ నీళ్ల గిన్నె పెట్టి ఉంచేది. నేనూ అన్నయ్యా చలికాలమంతా ఆవిడ పక్కన కూర్చుని అల్లలేదూ?"

"ఒకే వెచ్చదనం ఉండాలంటే హీటర్లో పోసే నూనె కొనే డబ్బు లేదు మెరిల్. అందుకే అడుగుతున్నా."

"ఎనిమిది వేలకి నూనే రాదు, గాలికి తడి పట్టించే యంత్రమూ రాదు. ఇంత పెద్ద కొట్టానికి తక్కువలో తక్కువ పద్నాలుగు కావాలి. ఎనిమిదిచ్చి చంపుకునేకంటే ఇవ్వకపోవడం మేలు. ఇస్తే పద్నాలుగివ్వండి, లేదా వేలం వేసి ఊరుకోండి."

హాలిస్ కళ్లజోడు సవరించుకున్నాడు. "మెరిల్, ఇది సవరణేనా?"

"సవరణ ఏంటి? లెక్క చెప్తున్నా."

"సభలో నిలబడి లెక్క చెప్తే దాన్ని సవరణే అంటారు. ఎనిమిది బదులు పద్నాలుగని రాసుకోమంటావా? లేక నీ లెక్క తప్పా?"

తన లెక్క తప్పని మెరిల్ పుట్టి ఎరగడు. చేతిలో పేము పొడి చూసుకున్నాడు.

"లెక్క తప్పు కాదు. రాసుకో" అన్నాడు.

"నేను బలపరుస్తున్నా" అంది బెర్నీస్, కుర్చీ వదలకుండా.

ఔనన్నవాళ్ల గొంతుకి పైకప్పు మీద పేరుకున్న మంచు ఒక దిమ్మ జారి బయట పడింది. కాదన్నవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. సవరణ నెగ్గింది. తరవాత సవరించిన అంశం మీద అసలు ఓటు. మళ్లీ అదే హోరు.

"కాదన్నవాళ్లు?" అన్నాడు హాలిస్.

"కాదు" అంది ఒకే ఒక్క గొంతు. అందరూ తిరిగి చూశారు. మెరిల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ సవరణే కదయ్యా" అన్నాడు డానీ.

"లెక్క నాది. పన్ను పెంచేదానికి మాత్రం ఓటెయ్యను. నలభై ఏళ్లుగా వెయ్యలేదు."

వెర్నా నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామని చూసింది, వీలుకాలేదు. నవ్వులోనే ఏడుపు వచ్చింది, మళ్లీ నవ్వే వచ్చింది. లూసెట్ వచ్చి ఆమెను గట్టిగా కావలించుకుంటే, ఇద్దరి స్వెట్టర్ల గుండీలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని విడదీసేసరికి ఇరవయ్యో అంశం కూడా అయిపోయింది.

సాయంకాలం అందరూ కుర్చీలు యథాస్థానంలో పెట్టి వెళ్లాక, మెరిల్ సీటు తెగిన కుర్చీ ఎత్తాడు. "దీన్ని ట్రక్కులో వేసుకుపోయి అల్లి తెస్తా."

"మ్యూజియం వస్తువు బయటికి వెళ్లకూడదు. రూలు."

"అయితే నేనే రావాలా?"

"శనివారం. పది గంటలకి."

శనివారం మెరిల్ గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో పేము చుట్ట నానబెట్టుకుని వచ్చేసరికి, అక్కడ బెర్నీస్, జనీన్, డానీ, ఇంకో ఆరుగురు కుర్చీలు వేసుకుని ఎదురుచూస్తున్నారు. పొయ్యి మీద నీళ్ల గిన్నె మరుగుతోంది. అతను వదిన వైపు గుర్రుగా చూశాడు.

"వీళ్లంతా ఎందుకు?"

"గోడవార ఇంకా డెబ్బై ఒకటున్నాయి. నువ్వొక్కడివే ఎన్నని అల్లుతావు?" అంది వెర్నా, కాఫీ కప్పు అతని పక్కన పెడుతూ.

మెరిల్ గొణుక్కుంటూ తడి పేమును మొదటి రంధ్రంలోకి దూర్చాడు. బెర్నీస్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి అతని వేళ్లనే చూస్తోంది. తక్కినవాళ్లు ముందుకు వంగారు. కాసేపటికి అతని వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి.

"ముందే చెప్తున్నా, వచ్చే ఏడు కూడా కాదనే అంటాను" అన్నాడు తలెత్తకుండా.

"అను" అంది వెర్నా. "ముందు ఆ మూల బిగించు, వదులైంది."