విడిది కోడలు

స్నానాలగది జాలీ మూత ఎత్తి రెండు వేళ్లు లోపలికి పెట్టి లాగితే వచ్చింది ఉండ. ఎవరెవరి తలలవో వెంట్రుకలు, సబ్బు జిగురు, ఎప్పటిదో నల్లటి మడ్డి, అన్నీ కలిసిపోయి తాడులా సాగుతూ వచ్చింది. చేతికి రబ్బరు తొడుగు ఉన్నా వేళ్ల మధ్య దాని మెత్తదనం తెలుస్తూనే ఉంది. ఆమె మొహం పక్కకి తిప్పుకుని దాన్ని చెత్తసంచిలో పడేసి, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలింది.

కిటికీ కింద వరండాలోంచి భర్త గొంతు వినిపిస్తోంది. కొత్తగా దిగినవాళ్లకి విడిది చరిత్ర చెబుతున్నాడు. ఈ గోడల మందం ఎంతో, ఈ దూలాలు ఏ అడవిలోంచి వచ్చాయో, తాతగారు గుర్రం మీద ఈ వాలు ఎక్కి వచ్చి ఇక్కడే ఎందుకు ఆగారో. చరిత్ర అయ్యాక ఎప్పటిలాగే ఆమె వంతు వచ్చింది.

"మా ఆవిడకి ఈ ఇల్లంటే ప్రాణమండీ. పనివాళ్లు ముట్టుకుంటే ఒప్పుకోదు. ప్రతి గదీ తన చేత్తో సర్దుకోవాల్సిందే. నేను వద్దన్నా వినదు."

"అదృష్టవంతులండీ మీరు," అంది ఎవరో ఒకావిడ.

ఆమె తొడుగు విప్పి చూసుకుంది. లోపల వేళ్లు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. గదులు సర్దే ఇద్దరమ్మాయిలు సీజన్ మొదట్లోనే మానేశారు. వాళ్ల బదులు ఎవర్నీ పెట్టలేదేమని అడిగితే, "నువ్వున్నావుగా," అన్నాడు భర్త. అదొక మెచ్చుకోలు అన్నట్టు భుజం కూడా తట్టాడు.

ఆమె ఈ విడిదికి మొదటిసారి వచ్చింది కోడలిగా కాదు. పాత కట్టడాలు బాగుచేసే ఆఫీసులో డ్రాయింగులు వేసే ఉద్యోగం చేసేది. ఈ ఇంటి కొలతలు తీసుకు రమ్మని ఆఫీసు పంపింది. కొండ చివరికి తెరుచుకునే మూలగదిలో దింపారు. పొద్దున్నే పొగలు కక్కే టీ తలుపు దగ్గరికి వచ్చేది. యజమాని కొడుకు టేపు రెండో కొస పట్టుకుని ఆమె వెనకే తిరిగేవాడు. "మీరు కూర్చోండి, నేను రాస్తాను. మీకు చలేస్తుందేమో, హీటర్ పెట్టిస్తాను," అనేవాడు. అంత మర్యాద తెలిసిన మగాణ్ని ఆమె అప్పటిదాకా చూడలేదు. పెళ్లయ్యాక అర్థమైంది, ఆ మర్యాద మనిషిది కాదు, గదిది. మూలగదిలో ఎవరు దిగితే వాళ్లకి దక్కుతుంది.

ఆమె గీసిన ప్లాను ఇప్పటికీ హాల్లో అద్దాల చట్రంలో ఉంది. "ఇది మా తాతగారి కాలం నాటిది," అని చూపిస్తాడు భర్త. జనం ఫోటోలు తీసుకుంటారు. అందులో వంటింటి వెనక ఒక చిన్న చతురస్రం మీద 'దుప్పట్ల గది' అని తన చేత్తోనే రాసింది. తను పడుకోబోయేది అందులోనే అని రాసేటప్పుడు తెలియదు.

సీజన్ వస్తే వాళ్ల పడగ్గది కూడా అద్దెకి ఇచ్చేస్తారు. భర్త వాళ్లమ్మ గదిలో రెండో మంచం మీద పడుకుంటాడు. ఆమె దుప్పట్ల గదిలో మడతమంచం వేసుకుంటుంది. ఉతికినవి ఒక పక్క, ఉతకాల్సినవి ఒక పక్క. ముక్కూమొహం తెలియని వాళ్ల చెమట, సెంటు, తలనూనె, ఇంకా ఏవేవో కలిసిన వాసన మధ్య ఆమె నిద్ర. ఒకసారి, "నాకంటూ ఒక గది ఉంచండి," అని అడిగింది. తాళాల బల్ల దగ్గర కూర్చునే అత్తగారు పకపకా నవ్వారు. "ఇల్లంతా నీదే అయినప్పుడు గదెందుకమ్మాయ్ నీకు?"

అసలు ఆమెకి రోత ఎక్కువేం కాదు. నాన్న మంచాన పడ్డప్పుడు పక్కబట్టలన్నీ ఆమే మార్చింది. ఒక్కనాడు ముక్కు మూసుకోలేదు. ఒంట్లోంచి వచ్చేవాటికి ఏముంది, కడిగితే పోతాయి. ఇక్కడ కడిగినా పోనిదేదో ఉంది. మరక పడ్డ దుప్పటి చేతిలో పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఆ దుప్పటి మాపినవాళ్లే ఎదురొచ్చి ఆమె పక్కనించి గాలిని చూసినట్టు చూసి వెళ్లిపోతారే, అప్పుడు పుడుతుంది ఆ రోత. వంటింట్లో అదే చేత్తో అన్నం కలుపుకోబోతే ముద్ద నోటిదాకా రాదు. చెంచాతో తినడం అలవాటు చేసుకుంది. "మా కోడలికి దొరసాని వేషాలు ఎక్కువయ్యాయి," అని అత్తగారు వచ్చినవాళ్ల ముందు ఛలోక్తి విసిరారు.

పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వంగకూడదు, బరువులెత్తకూడదు, దుమ్ములో తిరగకూడదు అన్నాడట డాక్టరు. "నాలుగు రోజులు నీ దగ్గరికి వస్తానే. ఇన్నేళ్లయింది, నీ మేడ నేను కళ్లారా చూడనేలేదు. ఇప్పుడు కన్ను కూడా బాగైంది కదా!" అని నవ్వింది.

భర్తతో చెబితే అతను నుదురు చిట్లించాడు. "సీజన్‌లోనా? ఒక్క గది ఖాళీ లేదు." ఆ తర్వాత ఏదో పెద్ద మనసు చేసుకున్నట్టు, "సర్లే, రానీ. మీ అమ్మేమన్నా బయటి మనిషా? నీతో పాటు దుప్పట్ల గదిలో సర్దుకుంటుంది," అన్నాడు.

అమ్మ నిన్న దిగింది. కొత్త చెప్పులేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని, మెట్ల దగ్గర నిలబడి తల పైకెత్తి ఇంటినంతా చూసి, "అబ్బో!" అంది. ఆ వెనకే భర్త చిన్ననాటి స్నేహితులు నలుగురు కారులో దిగారు. వాళ్లు వస్తున్నారని ఆమెకి చెప్పనేలేదు. మూలగది వాళ్లకిచ్చాడు. "నా ప్రాణ స్నేహితుల దగ్గర అద్దె తీసుకుంటానా? ఛ!" అన్నాడు. అమ్మ సంచీ పట్టుకుని వాళ్ల వెనకాలే మూలగదివైపు నడవబోతే, కూతురు మోచెయ్యి పట్టుకుని వంటింటివైపు తిప్పింది.

అమ్మ దుప్పట్ల గది చూసింది. మడతమంచం, దాని పక్కన నేల మీద పరిచిన పరుపు, గోడ పొడుగునా గుట్టలు. మంచం అంచున కూర్చుని, చేతికందిన దిండు గలీబు తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి. ఎవరూ చెప్పలేదు. కూర్చున్న చోట చెయ్యి ఊరుకోలేదు, అంతే. చూస్తున్న కూతురికి ఏడుపు రావాలి. వచ్చింది మాత్రం వెగటు. ఛీ, ఈ చేతులు నాకు ఇక్కణ్నించే వచ్చాయా, అనుకుంది. అమ్మ మీద అలా అనుకున్నందుకు ఇంకాస్త వెగటు వేసింది.

ఇందాక ఆమె జాలీ శుభ్రం చేసింది మూలగది పక్క గదిలో. సాయంత్రానికి దిగే జంట కోసం ఆ గది సిద్ధం చేస్తోంది. పక్క పరిచి, తువ్వాళ్లు పెట్టి, కూజాలో నీళ్లు నింపి, బకెట్టు, చీపురు పట్టుకుని బయటికి వచ్చేసరికి నడవాలో భర్త నిలబడి ఉన్నాడు. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"నీకోసమే చూస్తున్నా. ఒకసారి మూలగదిలోకి వెళ్లి చూడు కాస్త."

"ఏమైంది?"

"ఏముంది, మధ్యాహ్నం కొంచెం ఎక్కువైంది వాళ్లకి. ఒకడు వాష్‌బేసిన్‌లో... కింద కూడా పడిందిలే. వాళ్లు నిద్రపోయారు. లేచేలోపు శుభ్రం చేసెయ్, పాపం సిగ్గుపడతారు."

సగం తెరిచిన తలుపులోంచి కంపు కొడుతోంది. మందు, అరగని మాంసం. లోపలెవరో గురకపెడుతున్నారు. మధ్యాహ్నం ఆ వంట చేసింది ఆమే. వేడివేడిగా నాలుగుసార్లు మారు వడ్డించింది కూడా.

"వాళ్లు లేచాక వాళ్లే కడుక్కుంటారు," అంది.

అతను ఆమె వేరే భాష మాట్లాడినట్టు చూశాడు. "మతుండే మాట్లాడుతున్నావా? ఇంటికొచ్చినవాళ్ల చేత కడిగిస్తామా? ఈ విడిది పరువేం కావాలి?"

"అయితే మీరు కడగండి. మీ స్నేహితులే కదా."

"నేనా?" అతను నిజంగానే నవ్వాడు. "నాకు ఆ వాసనకే డోకొస్తోంది."

ఈ మాటల చప్పుడుకి అమ్మ వచ్చింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ తడుముకుంటూ ఎక్కి వచ్చింది. ఇద్దరి మొహాలూ నల్లద్దాల్లోంచి చూసింది. సంగతి అర్థమైపోయింది. అర్థం కావడానికి అమ్మకి పెద్ద సమయం పట్టలేదు.

"పోనీలేవే, గొడవెందుకు? పొద్దున్నించీ అలిసిపోయి ఉన్నావు. నేను చేస్తాను, నువ్వు కూర్చో," అంటూ ఆమె చేతిలో ఉన్న బకెట్టు అందుకుంది.

ఎంత సులువుగా మారిందో ఆ బకెట్టు! కూతురి వేళ్లు వదిలాయి, తల్లి వేళ్లు పట్టుకున్నాయి. మధ్యలో నీళ్లు తొణకను కూడా లేదు.

భర్త మొహం తేటపడింది. "చూశావా, పెద్దావిడకున్న ఇంగితం కూడా లేదు నీకు," అన్నాడు. అని, గబగబా ముందుకెళ్లి మూలగది తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. ఎంతో వినయంగా పక్కకి ఒదిగి నిలబడ్డాడు. "ఇటు రండి అత్తయ్యగారూ. మెల్లగా... గడప ఉంది, కాలు తగులుతుంది. జాగ్రత్త."

అమ్మ గడప కోసం తల వంచింది.

ఆమెకి రోత పుట్టింది. ఆ కంపుకి కాదు. తలుపు పట్టుకున్న ఆ చేతిని చూసి, ఆ వినయాన్ని చూసి. ఒకప్పుడు తనని నమ్మించింది అదే వినయం. కన్ను కోయించుకుని పది రోజులు కాని ముసలమ్మకి వాంతి దగ్గరికి దారి చూపించడానికి కూడా అదే పనికొచ్చింది.

రెండడుగుల్లో వెళ్లి అమ్మ చేతిలోంచి బకెట్టు తీసుకుంది. దాన్ని భర్త కాళ్ల ముందు పెట్టింది. చీపురు దానికి ఆనించింది. అమ్మ మణికట్టు పట్టుకుని, ఇందాక సర్దిన పక్క గదిలోకి తీసుకెళ్లి, లోపలినించి గడియ పెట్టింది.

"ఇదేం పనే?" అంది అమ్మ హడలిపోతూ. "ఎవరో వస్తారన్నావు కదా ఈ గదికి?"

"మనమే వచ్చాం. పడుకో."

మొదట తలుపు మీద మెల్లగా కొట్టాడు. తర్వాత గట్టిగా. "ఏయ్, తియ్! ఆ జంట దారిలో ఉన్నారు. గంటలో దిగుతారు. వాళ్లనెక్కడ పెట్టను?"

"మీరూ మీ అమ్మగారూ ఉంటున్న గది ఉంది. ఇవ్వండి."

"మా అమ్మ ఎక్కడ పడుకుంటుంది?"

"దుప్పట్ల గదిలో రెండు పక్కలున్నాయి."

అత్తగారి చెప్పుల చప్పుడు వినిపించింది. "అమ్మాయ్, ఇంట్లో అంతమంది అతిథులుండగా ఏమిటీ రభస? పెద్దింటి కోడలివి, మర్యాదగా బయటికి రా," అన్నారావిడ. కోపం కన్నా ఆ గొంతులో కంగారే ఎక్కువ ఉంది.

ఆమె తలుపు దగ్గరికి వెళ్లింది. అరవలేదు. కొలతలు చదివి వినిపించే రోజుల్లో మాట్లాడినట్టు మాట్లాడింది. "అమ్మ ఉన్నన్నాళ్లూ మేమిద్దరం ఈ గదిలో ఉంటాం. తర్వాత అమ్మతోపాటు నేనూ కొండ దిగుతాను. పాత ఆఫీసులో అడుగుతాను. అక్కడ కాకపోతే ఇంకోచోట అడుగుతాను. తిరిగి రావాలో వద్దో అక్కడ కూర్చుని ఆలోచించుకుంటాను. ఇక్కడైతే కూర్చోవడమే కుదరడం లేదు."

భర్త ఏదో అనబోయాడు. వరండాలోంచి ఎవరో "హలో, ఎవరైనా ఉన్నారా?" అని కేక వేయడంతో అత్తగారు గొణుక్కుంటూ మెట్లు దిగిపోయారు.

అమ్మ మంచం ఆ చివర, పక్క నలగకుండా, గోడకి అతుక్కుపోయి పడుకుంది. ఆమె ఈ చివర నడుం వాల్చింది. ఇన్నేళ్లుగా ఈ పరుపు మీద దుప్పటి లాగి బిగించి, ముడత లేకుండా అరచేత్తో సాపు చేసిందే తప్ప, ఒక్కసారి ఒరగలేదు. ఎంత మెత్తగా ఉందో! పైకప్పుకి ఒక పక్క చెమ్మ పట్టింది. పడుకుంటే తప్ప అది కనబడదు. నడుములో ఎముకలు ఒక్కొక్కటే వదులవుతుంటే కళ్లు మూసుకుంది.

"అల్లుడుగారు ఏమనుకుంటారో," అంది అమ్మ.

నడవాలో బకెట్టు పిడి గలగలమంది. పక్క గదిలో ఎవరో అడుగులు వేశారు. కుళాయి తిప్పిన చప్పుడు. చీపురు నేల మీద రెండుసార్లు, పట్టు తెలియకుండా, ఇష్టం వచ్చినట్టు గీరుకుంది. ఆగింది. తర్వాత గోడ అవతల భర్త డోక్కోవడం స్పష్టంగా వినిపించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. మధ్యలో ఎవర్నో తిట్టుకున్నాడు. మళ్లీ కుళాయి.

అమ్మ మోచేతి మీద లేచింది. కాళ్లు కిందికి దించి చెప్పుల కోసం నేలంతా తడుముతోంది.

"పాపం, ఎలా కక్కుతున్నాడో వినవే. అతనికి అలవాటు లేదు కదా."

"నాకూ లేదమ్మా, ఇక్కడికి వచ్చినప్పుడు," అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

చెప్పుల కోసం వెతుకుతున్న అమ్మ పాదం ఆగిపోయింది. తర్వాత కాళ్లు పైకి తీసుకుని, నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఈసారి పక్క నలుగుతుందేమోనని చూసుకోకుండా మంచం మధ్యలో వెల్లకిలా పడుకుంది.