సోలెడు తౌడు

బోథ్ నుంచి మొదటి బస్సు దిగి చంద్రవ్వ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుందంటే, క్యాలెండర్ చూడకుండానే అది జూన్ పదకొండు అని చెప్పగలను. పదిహేడేళ్ల కింద అదే తేదీన ఆమె ఒళ్లోంచి ఏడాది పిల్లను తీసుకుని జీపెక్కింది నేనే. పిల్లల రక్షణ ఆఫీసులో అప్పుడు నాది కొత్త ఉద్యోగం. కరీంనగర్‌లో చదువు ముగించి, చట్టాన్ని కంఠతా పట్టి, పల్లెలను ఉద్ధరించడానికి బయల్దేరిన మమతారాణిని. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎవరైనా పిల్లల్ని అమ్ముతున్నారా, కొంటున్నారా అని ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్నాం. "గీ పిల్ల ఎవల్ది?" అని అడిగాను.

"నాది కాదు మేడం, సోలెడు తౌడుకు కొన్న" అంది చంద్రవ్వ నవ్వుతూ.

నేను నవ్వలేదు. రాసుకున్నాను.

చంద్రవ్వకు అంతకుముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. మూడో పిల్లన్నా దక్కాలని, పుట్టగానే చాటలో వేసి పక్కింటి పోచవ్వకిచ్చేసింది. మళ్లీ ఆమెకే సోలెడు తౌడు కొలిచిచ్చి పిల్లను తెచ్చుకుంది. పెంటవ్వ అని పేరు పెట్టుకుంది. అలా తెచ్చుకున్న పిల్లను నా బిడ్డ అనకూడదట. అంటే మిత్తి, అదే చావు, వింటుందని అక్కడివాళ్ల భయం. ఇది నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మొగుడు అప్పటికే చనిపోయాడు. కాన్పు ఇంట్లోనే అయింది, కాగితం లేదు. చూసిన ఒక్క మనిషి పోచవ్వ, ఆమె కూలికని మహారాష్ట్ర పోయింది. పిల్లల సంక్షేమ కమిటీ ముందు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ చంద్రవ్వ అదే మాట చెప్పింది. తన దగ్గర్నుంచి పిల్ల పోతుందని తెలిసే చెప్పింది. భూమ్మీద నుంచి పోకపోతే చాలనుకుంది. పోచవ్వ తిరిగొచ్చి నాకు సంగతి చెప్పేసరికి పిల్ల దత్తత పోయి ఏడాది దాటింది. పైవాళ్లకు రాశాను. కోర్టు ఉత్తర్వు కదపలేమన్నారు.

నా బీరువాలో పిల్లల కోసం వేర్వేరు ఏళ్లలో చేసిన మూడు చట్టాల పుస్తకాలున్నాయి. ఎనభై ఆరుది దిక్కులేని పిల్లనూ తప్పు చేసిన పిల్లనూ ఒకే గాటన కట్టింది. రెండు వేలది ఆ ఇద్దరినీ విడదీసి, దిక్కులేని పిల్లల కోసం కమిటీ పెట్టింది. రెండు వేల పదిహేనుది దత్తతను ఇంకా గట్టి చేసింది. ఒకదాని కన్నా ఒకటి మంచిదే, కాదనను. ఇవాళైతే నేను ముందు తల్లికీ పిల్లకూ రక్తపరీక్ష చేయించమంటాను. పిల్ల పెద్దదై అడిగితే తన పుట్టుక గురించి తెలుసుకునే దారి ఇప్పుడుంది. తల్లి వెతుక్కునే దారి మాత్రం నాకే పుస్తకంలోనూ దొరకలేదు.

ఈసారి చంద్రవ్వ కూర్చోకముందే అడిగింది. "గీ యేడు దానికి పద్దెనిమిది నిండినయ్ గద బిడ్డా. గిప్పుడన్న వస్తదా?"

"అది అడుగుతె వస్తది. మనం పిలువరాదు."

"ఎట్లడుగుతది? నేనున్ననని దానికెర్కనే లేకపాయె."

"ఒక కాయితం రాసి ఫైల్ల పెడుదాం. ఎన్నడన్న అడిగితె చూపిస్తరు" అని తెల్లకాగితం తీశాను. పేరు రాశాను, ఊరు రాశాను. పిల్లకు ఏమవుతారు అని రాసి, పక్కన తల్లి అని రాశాను.

"ఏం రాసినవ్?"

చెప్పాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కొట్టెయ్ బిడ్డా. సోలెడు తౌడుకు కొన్న అని రాయ్."

"గా మాటతోనే గద పిల్ల పాయె!" అని అరిచాను.

"నా తాన్నుంచి పాయె. ఏడనో ఒక తాన బతికే ఉంటది. గిన్నేండ్లు కాసిన మాటను గిప్పుడు తప్పితె, దానికేమన్నయితె?"

నన్ను బిడ్డా అంటుంది. మా ఆఫీసు ఊడ్చే రేవతిని బిడ్డా అంటుంది. బస్సులో సీటిచ్చిన ఆడపిల్లనల్లా బిడ్డా అంటుంది. కన్నపిల్లను మాత్రం పొరపాటున కూడా అనలేదు. నాకు ఏడుపాగలేదు.

తల్లి అన్న మాట కొట్టేసి ఆమె చెప్పినట్టే రాశాను. కింద ఇంకో నాలుగు ముక్కలు నాకు నేనుగా రాశాను. ఈ మాట ఇక్కడి ఆచారమని, అది తెలుసుకోకుండా పిల్లను తీసుకుపోయిన తప్పు నాదని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగానికి ముప్పొస్తే రానీ అనుకున్నాను. చంద్రవ్వ వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుంటూ "ఫోటో పెట్టొచ్చా?" అంది.

బస్టాండ్ పక్కన ముకర్రం స్టూడియోకు తీసుకుపోయాను. "అవ్వా, జర సీదా చూడు" అన్నాడతను. చంద్రవ్వ సీదాగా చూడలేదు. తల మీది కొంగు వెనక్కి తీసి, మొహం పక్కకు తిప్పింది. "గిట్లనే తియ్యి కొడుకా. చెవు కనబడాలె."

ఎడమ చెవి ముందు, పుట్టుకతో వచ్చిన సూదిమొనంత రంధ్రం. ఇన్నేళ్లూ కొంగు చాటున ఉండి నేను చూడలేదు. పిల్ల ఫైల్లో గుర్తింపు మచ్చల దగ్గర అదే రంధ్రం గురించి రాసింది నా చెయ్యే.

"గిది పిల్ల దినాం అద్దంల చూసుకునేదే గద" అంది చంద్రవ్వ. ముకర్రం ఫోటో తీసేదాకా కదలకుండా కూర్చుంది.