ఎడమ కాలు

ఆ అమ్మాయిని అందరూ నిచ్చెన అనేవారు. పదిహేడేళ్లకే ఏ గుమ్మంలోంచి వెళ్లాలన్నా తల వంచుకోవలసినంత పొడుగు. తల్లి ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేసేది. మేనమామ బళ్లో డ్రిల్లు మాస్టారు. పదేళ్లప్పుడు ఆమె చేతికి బాస్కెట్‌బాల్ ఇచ్చింది ఆయనే.

నిచ్చెనకు ఊళ్లో పేరు తెచ్చింది ఒకే ఒక్క ఎత్తుగడ. బంతి అందుకుని కదలకుండా నిలబడేది. కుడికాలు పక్కకు వేసి, భుజం వంచి, అటే పోతున్నట్టు నమ్మించేది. అడ్డుకునే పిల్ల అటు ఒరగ్గానే ఎడమవైపు నుంచి దూసుకుపోయి బంతిని బాస్కెట్‌లో వేసేది. చూసేవాళ్లకు అది కనికట్టులా ఉండేది. ఏడేళ్లలో బడి ఆరుసార్లు కప్పు గెలిచింది. ప్రిన్సిపాల్ తన గదిలో కుర్చీ వెనక ఆ కప్పులు పెట్టించి, వచ్చిన ప్రతివాళ్లకూ డ్రిల్లు మాస్టారి గొప్ప చెప్పేవాడు.

ఆ ఏడాది క్రీడా హాస్టల్ ఎంపికలు వచ్చాయి. పన్నెండు సీట్లకు నలభై మంది. పద్దెనిమిది నిండితే ఇక రానివ్వరు కాబట్టి నిచ్చెనకు అదే ఆఖరి అవకాశం. మేనమామే దగ్గరుండి బస్సెక్కించి తీసుకువెళ్లాడు.

మొదటి ఆటలో మూడో నిమిషం గడిచింది. బంతి అందింది. కుడికాలు వేసింది, ఎడమవైపు దూసుకుపోయింది. ఈల మోగింది. రెఫరీ యాభై ఏళ్ల మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉంది. రెండు పిడికిళ్లనూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి చూపించింది. ట్రావెలింగ్, అంటే బంతి నేలకు కొట్టకుండానే నడవడం. బంతి అవతలి జట్టుకు ఇచ్చేసింది.

ఇంకెవరో తప్పు చేశారనుకుంది నిచ్చెన. రెండోసారి ఈల వేసినప్పుడు రెఫరీ పొరబడిందనుకుంది. మూడోసారికి మాత్రం దగ్గరికి వెళ్లి అడిగింది.

"నేనేం చేశాను మేడమ్? నడవలేదు కదా."

"కాలు లేస్తోంది. ఆడు," అంది రెఫరీ.

ఏ కాలో, ఎప్పుడు లేస్తోందో తెలియలేదు. మేనమామ వైపు చూసింది. ఆయన కింద పెట్టిన సంచిలో ఏదో వెతుక్కుంటున్నాడు. నాలుగోసారి ఈల మోగాక నిచ్చెనకు బంతి అంటేనే భయం పట్టుకుంది. చేతికి రాగానే కాలుతున్న గిన్నెలా పక్కవాళ్లకు విసిరేసింది. మిగతా రెండు ఆటలూ అలాగే గడిచాయి. సాయంత్రం గోడకు అంటించిన పన్నెండు పేర్లలో ఆమె పేరు లేదు.

జనం వెళ్లిపోయాక ఆ రెఫరీయే పిలిచింది. బంతి చేతికిచ్చి నిలబడమంది.

"ఇప్పుడు రెండు కాళ్లూ నేల మీదున్నాయి. కుడికాలు కదుపు. కదిపావా? ఇక ఎడమది నీ పివట్ కాలు. దాని మీద ఎటు కావాలంటే అటు తిరుగు. కుడికాలు ఎన్నిసార్లయినా వేసుకో. పాస్ ఇవ్వడానికో, బాస్కెట్ వేయడానికో ఎడమకాలు ఎత్తినా తప్పులేదు. అది మళ్లీ నేలకు ఆనేలోపు బంతి వదిలెయ్యాలి, అంతే. కానీ బంతిని నేలకు కొడుతూ డ్రిబుల్ మొదలుపెట్టాలంటే, ముందు బంతి చెయ్యి వదలాలి, ఆ తర్వాతే ఆ కాలు నేల వదలాలి. నీకు కాలు ముందు లేస్తోంది, బంతి తర్వాత పడుతోంది."

"మరి ఎడమవైపు ఎలా వెళ్లాలి?"

"కుడికాలే అడ్డంగా ఎడమవైపుకు వెయ్యి. బంతి కొట్టు. అప్పుడు ఎడమకాలు."

నిచ్చెన ప్రయత్నించింది. ఒళ్లు మాట వినలేదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఎడమకాలే ముందు లేచింది.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

నిచ్చెన బయట గేటు దగ్గర నిలబడ్డ మేనమామను చూపించింది. రెఫరీ ఆయన్ని గుర్తుపట్టింది.

"మేమిద్దరం ఒకే ఏడాది రెఫరీ పరీక్ష రాశాం. నాకంటే ఆయనకే మార్కులు ఎక్కువొచ్చాయి," అని బంతి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక నిచ్చెన అడిగింది.

"నీకు తెలుసా మావయ్యా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెలుసు," అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మొదటి ఏడాదే చూశాను. సరిచేద్దామనే అనుకున్నాను. సరిచేస్తే వేగం తగ్గేది. అప్పటికే ఫైనల్ దగ్గర పడింది. కప్పు వచ్చాక చూద్దాంలే అనుకున్నా. వచ్చాక మళ్లీ ఏడాది కప్పు."

"మన ఊళ్లో ఒక్కళ్లు కూడా ఈల వెయ్యలేదేం?"

"వాళ్లు నా స్నేహితులు."

"వెయ్యొద్దని చెప్పావా?"

"ఛ, అలా ఎందుకు చెప్తాను. ఆటకు ముందు టీ తాగించేవాణ్ణి, అంతే."

నిచ్చెన లేచి ముందు సీటులోకి వెళ్లి కూర్చుంది.

ఇంటికి వచ్చి తల్లికి అంతా చెప్పింది. తల్లి గంజి వాసన వేస్తున్న చేతులు కడుక్కుంటూ చివరిదాకా విన్నది. "మీ మావయ్య లేకపోతే నువ్వసలు బంతి ముట్టుకునేదానివా? ఈ ఊళ్లో నిన్ను నలుగురు గుర్తుపడుతున్నారంటే ఎవరి చలవ?" అంది.

"నన్ను మోసం చేశాడమ్మా."

"మోసం ఏముందే అందులో. నీ కాలు నీది కాదూ? నువ్వు చూసుకోవద్దూ?"

కన్నతల్లి తమ్ముడి పక్షాన నిలబడుతుందని నిచ్చెన కలలో కూడా అనుకోలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే బడి ఆటస్థలానికి వెళ్లి ఒంటరిగా సాధన చేసింది. కుడికాలు అడ్డంగా, తర్వాత బంతి, ఆఖరున ఎడమకాలు. పైకే లెక్కపెట్టుకుంటూ వేసేది. రెండు నెలలకు తప్పు లేకుండా రావడం మొదలైంది, కానీ నిదానంగా వచ్చింది. ఆ నిదానంలో కనికట్టు పోయింది. అందరిలాంటి ఆటగత్తె అయింది.

ఆ ఏడాది ఊళ్లో జరిగిన ఫైనల్లో అలాగే ఆడింది. రెండుసార్లు ఆమె చేతిలోని బంతిని లాగేసుకున్నారు. జనం గొణిగారు. కోర్టు గీత అవతల నుంచి మేనమామ అరిచాడు: "పాత ఆటే ఆడవే. ఎవరూ ఊదరు."

అందరికీ వినపడింది. ఈల మెడలో వేసుకున్నాయన కూడా విన్నాడు, విననట్టు చూపు తిప్పుకున్నాడు. నిచ్చెన పాత ఆట ఆడలేదు. బడి మూడు పాయింట్లతో ఓడిపోయింది. జట్టులో పిల్లలు ఆమెతో మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మేనమామ ఇంటికి రావడం మానేశాడు. తల్లి ఆ నేరం కూడా కూతురి మీదే వేసింది.

చదువయ్యాక నిచ్చెన లాండ్రీలోనే చేరింది. పొడుగు మనిషి కాబట్టి పై అరల్లో దుప్పట్లు సర్దే పని ఇచ్చారు.

ఒకనాడు పనికి వెళుతూ ఆటస్థలం పక్కన ఆగింది. మేనమామ పదేళ్ల పిల్లకు నేర్పుతున్నాడు. పిల్ల చురుకైనది. బంతి పట్టుకుంది, కుడికాలు వేసి భుజం వంచింది, ఎడమవైపుకు దూసుకుపోయింది. ఎడమకాలు ముందే లేచింది. మేనమామ చప్పట్లు కొట్టాడు.

నిచ్చెన లోపలికి వెళ్లి, ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ మడమను చేత్తో నేలకు అదిమి పట్టింది. "ఇప్పుడు బంతి కొట్టు. ఇది నేను వదిలేదాకా లేపకు," అంది.

"వదిలెయ్. దానికి బాగా వస్తోంది," అన్నాడు మేనమామ. చాలా నెలల తర్వాత ఆమెతో ఆయనన్న మొదటి మాట అది.

నిచ్చెన వదల్లేదు. పిల్ల ఒకసారి బంతి కొట్టింది, తూలింది, మొహం చిట్లించింది. కాలు గట్టిగా లాక్కుని రెండడుగులు వెనక్కి జరిగింది.

"నువ్వెళ్లక్కా. నువ్వు చెప్పినట్టు చేస్తే నేను స్లో అయిపోతున్నా."

నిచ్చెన మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంది. పనికి వేళవుతోంది. గేటు దాటుతుంటే వెనక మళ్లీ బంతి చప్పుడు, మేనమామ చప్పట్లు వినిపించాయి.